పటముల పాతర

జొన్నలు పాతర వేయుట ఓరుగల్లు సీమ పెద్దలకు క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. పంట నూర్చి, గింజ చక్కగా ఎండిన పిదప, గట్టినేలలో గొయ్యి త్రవ్వి, లోపలి ప్రక్కలకు గడ్డి చుట్టి, గింజ పోసి, పైని మరల గడ్డి కప్పి మన్ను మెత్తెడివారు. అవసరము వచ్చిననాడు మూత తీసి, లోని చెడుగాలి వెలువడువరకు ఆగి, పిమ్మట మనిషిని దింపెడివారు. అట్లు ఆగక దిగి ప్రాణములు పోగొట్టుకొన్నవారును కలరు. పంట ఏటికొక పర్యాయము వచ్చును. ఆకలి దినదినమును వచ్చును. ఈ రెంటి నడుమనుండు ఎడమును పూడ్చుటకే పాతర యేర్పడినది. అయితే పాతర గింజకు ఒక ముక్కవాసన యుండును. చేటలో పోయగనే ఇది ఈయేటి గింజ కాదని ఇల్లాలు చెప్పగలదు. ఈ వాసన మాట జ్ఞాపకముంచుకొన గోరెదను. దీనితో ముందు పని కలదు.

నేడు నేను చెప్పదలచినది గింజల పాతరను గూర్చి కాదు, పటముల పాతరను గూర్చి. చేతిలోని ఫోనుతెరను వ్రేలితో తాకిన తోడనే మన ఊరును, చెరువును, బాటలును గల పటము కనబడుచున్నది. అది మనకొరకు అప్పుడే గీయబడినదని పలువురు తలంతురు. పెక్కుమారు లది నిజము కాదు. అది ముందే గీసి దాచియుంచిన పటము. ఇట్లు దాచుటను ఇంగ్లీషువారు క్యాష్ అందురు. నగదును తెలుపు మాటయు అట్లే వినబడును గాని అది వేరు, ఇది వేరు. ఈ మాటకు మూలము దాచుట అను అర్థముగల ఫ్రెంచి క్రియాపదము. ఉత్తర అమెరికా అడవులలో తిరిగిన ఫ్రెంచి వేటగాండ్రు, తిరుగుదారిలో అక్కఱకు వచ్చునని ఆహారమును నేలలో దాచిన గోతులను ఆ పేరితో పిలిచిరి. 1968లో ఐ.బి.ఎం. సంస్థవారు తమ కంప్యూటరులో, మాటిమాటికి కావలసిన అంకెలను చేరువలో ఉంచుకొను చిన్న కొట్టునకు ఆ మాటనే తీసికొనిరి. కాబట్టి దానిని పాతర యని తెనిగించుట నా చమత్కారము కాదు; మాట తన పుట్టింటికి చేరినదనుకొనవలెను.

గీయుటకు కాలమేల పట్టునో మొదట చూతము. పటమనగా ఒక బొమ్మ కాదు. పెక్కు పొరల కూర్పు. క్రింద నేల, దానిపై అడవి, దానిపై వాగులును చెరువులును, ఆపై బాటలు, ఆపై హద్దులు, అన్నిటికంటె మీద ఊళ్ళ పేర్లు. భారత సర్వే శాఖవారు రంగుల పటములను అచ్చువేసిన కాలముననే ఈ పద్ధతి కలదు. నీటికి నీలము, కొండల మెట్టగీతలకు గోధుమరంగు, అడవికి ఆకుపచ్చ, సాగుభూమికి పసుపు, పేర్లకు నలుపు. రంగునకొక అచ్చు చొప్పున వేర్వేరుగా చేసి, ఒకే కాగితమును మరల మరల యంత్రములో త్రిప్పెడివారు. ఒక అచ్చు వెండ్రుకవాసి జరిగినను వాగు ఒకచోటను వంతెన యింకొకచోటను పడును. కంప్యూటరును ఇదే పని చేయును. ఒక్కొక్క పొరకు చెందిన గీతలను కొట్టునుండి వెదకి తీయవలెను. గుండ్రని భూమిమీది స్థానమును చదునైన తెరమీదికి లెక్కకట్టవలెను. గీతకు రంగును మందమును ఈయవలెను. పేర్లు ఒకదానిపై నొకటి పడకుండ చోటు వెదకవలెను. ఒక్కని కొరకు చేయుటకు ఇది పెద్ద పని కాదు. వేలమంది ఒక్కమారుగా అడిగినపుడు యంత్రము క్రుంగిపోవును.

వెనుకటికి ఒకసారి గీయుటకే ఎంత కష్టపడిరో తెలిసికొన్నయెడల దాచుటయందలి విలువ బోధపడును. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగికొండ దగ్గర కొలతగొలుసు పరచి త్రిభుజముల పని మొదలుపెట్టెను. ఆ త్రిభుజముల వల క్రమముగా ఉత్తరమునకు వ్యాపించి నైజాము రాజ్యములోనికి వచ్చెను. 1815లో బీదరు వద్ద మరియొక మూలరేఖను కొలిచిరి. జార్జి ఎవరెస్టు 1818లో ఈ పనిలో చేరెను. లోకమంతయు హిమాలయ శిఖరమునకు పెట్టిన ఆయన పేరునే ఎరుగును; కాని ఆయన పాలిటికి మొదటి పరీక్ష మన చేరువనే జరిగినది. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో వానకాలమున పనిచేయుచు, ఆయనయు ఆయన బలగమును అడవిజ్వరమున పడిరి. కొందఱు ఆ యడవులలోనే మరణించిరి. ఎవరెస్టు ఆరోగ్యము చెడి, 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమునకు విశ్రాంతికై పోవలసివచ్చెను. మోయువారు, జెండాలు పట్టువారు, చెట్లు నరికి చూపునకు దారి తీసినవారు, వీరి పేర్లు మనకు మిగులలేదు. ఒక్క కొండనుండి ఇంకొక కొండను చూచుటకు ఇంత మూల్యము చెల్లించిన పిమ్మట, ఆ ఫలితమును అడిగినప్పుడెల్ల మరల కొలువరుగదా. గీసి, అచ్చువేసి, భద్రపరచిరి. అచ్చుపటమే తొలి పాతర.

ఆ భద్రపరచుటలో ఒక గొప్ప యేర్పాటు చేసిరి. దేశమును అటు నాలుగు డిగ్రీలు ఇటు నాలుగు డిగ్రీలు గల గళ్ళుగా విభజించి అంకెలు పెట్టిరి. మన తెలంగాణములో చాలభాగము 56వ గడిలో పడినది. ఆ గడిని మరల 16 భాగములు చేసి ఇంగ్లీషు అక్షరములలో ఎ మొదలు పి వరకు పేర్లు పెట్టిరి. ఒక్కొక్క అక్షరమును మరల 16 కాగితములు చేసిరి. కాగితమొక్కటికి పావు డిగ్రీ; అనగా మన చోట సుమారు 28 కిలోమీటర్ల నిడివి, 26 కిలోమీటర్ల వెడల్పు. ఎవరికి ఏ చోటు కావలెనో ఆ కాగితమును మాత్రమే తీసియిత్తురు, దేశపటమంతయు విప్పనక్కఱలేదు.

ఇందొక వింత కలదు. 18 డిగ్రీల అక్షాంశరేఖ హనుమకొండకును ఓరుగల్లు కోటకును నడుమనుండి పోవుచున్నది. అందుచేత వేయిస్తంభముల గుడి 56 ఎన్ లోని 12వ కాగితములో పడినది; కాకతీయుల కీర్తితోరణములు 56 ఓ లోని 9వ కాగితములో పడినవి. రుద్రదేవుడు గుడి కట్టించిన ఊరును, గణపతిదేవుడును రుద్రమదేవియు ఏలిన కోటయు నడిచి పోదగినంత దూరములో నున్నవి. వానిని రెంటిని ఒక్కచోట చూడగోరువాడు రెండు కాగితములు కొని, అంచులు కత్తిరించి, అతికించుకొనవలసినదే. తప్పు ఎవరిదియు కాదు. ముక్కలుగా కోయుటలోని సౌకర్యమునకు చెల్లించు సుంకమది. ఈ సుంకమును కంప్యూటరువారును చెల్లించుచున్నారు. ఆ మాట కొంచె మాగి చెప్పెదను.

కంప్యూటరు పటములు సామాన్యజనుల యెదుటికి వచ్చిన తొలినాళ్ళలో పాతర లేదు. 1993లో అమెరికాలోని జిరాక్సు సంస్థ పరిశోధనాలయమువారు, ఎవరడిగినను వారికొరకు పటమును అప్పటికప్పుడు గీసిచ్చు ఏర్పాటును ఇంటర్నెట్టుమీద నెలకొల్పిరి. అది అద్భుతమే, కాని కొంచెము ప్రక్కకు జరిపి చూడవలెనన్నను మొదటినుండి మరల గీయవలసినదే. 1998లో మైక్రోసాఫ్టువారు ఆకాశమునుండి తీసిన చిత్రములను చదరపు ముక్కలుగా కోసి నిలువచేసి చూపిరి. 2005 ఫిబ్రవరిలో గూగులువారు పటములన్నిటికి ఈ పద్ధతినే అవలంబించి, లాగినకొలది ముక్కలు వచ్చి అతుకుకొనునట్లు చేసిరి. ఆ ముక్కను ఇంగ్లీషులో టైలు అందురు. మనము పలక యందము. పలకకు అడ్డముగా 256 చుక్కలు, నిలువుగా 256 చుక్కలు. తెరను లాగినపుడు పాత పలకలలో చాలభాగము అట్లే నిలిచి, క్రొత్తగా అంచున కనబడవలసిన నాలుగైదు పలకలు మాత్రమే రావలసియుండును. వేగములోని రహస్యము సగ మిందే యున్నది.

పలకల లెక్క వినదగినది. లోకమంతయు ఒక్క పలకలో ఇముడునట్లు గీసినది మొదటి మెట్టు. దానిని రెట్టింపు పెద్దది చేసిన నాలుగు పలకలగును. మరల చేసిన 16. ఇట్లు మెట్టుమెట్టునకు నాలుగింతలు. పదిమార్లు హెచ్చించినచో 10,48,576 పలకలు. పదునెనిమిది మార్లు హెచ్చించినచో 6,871 కోట్ల 94 లక్షల 76 వేల 736 పలకలు. ఆ మెట్టున మన వరంగల్లు వద్ద ఒక్కొక్క చుక్క ఇంచుమించు 57 సెంటీమీటర్ల నేలను చూపును. అనగా ఎడ్లబండి బాటయు తెలియును. ఇన్ని కోట్ల పలకలను ముందే గీసి దాచగల గాదె యెవరికున్నది? ఉన్నను ఏమి లాభము? భూమిలో మూడింట రెండువంతులకు మీఱి సముద్రమే. నడిసముద్రపు పలకలన్నియు ఒక్కతీరున నీలముగా నుండును. వానికన్నిటికి ఒక్క పలకను దాచి, కోట్లమారులు చూపవచ్చును.

కావున తెలివిగలవారు మధ్యేమార్గము పట్టిరి. పైమెట్ల పలకలు కొద్ది, అడుగువారు ఎక్కువ. కనుక వానిని ముందే గీసి నింపియుంతురు. క్రింది మెట్లలో హైదరాబాదు, హనుమకొండ వంటి రద్దీచోట్లను మాత్రము ముందుగా గీయుదురు. తక్కినవానిని ఎవరైన మొదట అడిగినపుడు గీసి, ఆతనికిచ్చి, ఒక ప్రతిని పాతరలో వేయుదురు. మారుమూల తండా పటమును మొదట అడిగినవాడు కొంత వేచియుండును. రెండవవానికి వెంటనే అందును. 2004లో ఇంగ్లండునందు మొదలై, లోకములోని స్వచ్ఛందుల చేతిపనిగా పెరిగిన ఓపెన్ స్ట్రీట్ మ్యాపువారి పద్ధతి యిట్టిదే. పాతరయు ఒక్కటి కాదు. చెరువునుండి కాలువకు, కాలువనుండి తొట్టికి, తొట్టినుండి ఇంటి కడవకు నీరు వచ్చినట్లు, గీసినచోట ఒక పాతర, నడుమ ఊరూర కొన్ని పాతరలు, తుదకు మన ఫోనులోనే ఒక చిన్న పాతర. నిన్న చూచిన మన ఊరి పలకను నేడు ఫోను తన కడవలోనుండియే తీసి చూపును.

ఇక సుంకము మాట. హనుమకొండయు కోటయు రెండు కాగితములలో పడినట్లు, ఊరి పేరు రెండు పలకల అంచుమీద పడును. ఒక పలకను గీయువేళ ప్రక్కపలకలో ఏమున్నదో యంత్రమునకు తెలియదు. "పర్వత" ఒకదానిలో మిగిలి "గిరి" మాయమగును. దీనికి మందుగా ఎనిమిది వరుసల ఎనిమిది పలకలను, వెరసి 64 పలకలను, ఒక్క పెద్దపటముగా గీసి, పేర్లు సరిగా కుదిరిన పిమ్మట ముక్కలు కోయుచున్నారు. చీరను నేసి కోసినట్లే గాని, ముక్కలుగా నేసి కుట్టినట్లు కాదు. గీయు శ్రమయు దీనిచే తగ్గినది. ఏలయనగా 64 మార్లు కొట్టులో వెదకుటకు మారుగా ఒక్కమారు వెదకిన చాలును.

మన హైదరాబాదునకును ఈ చరిత్రలో చోటు కలదు. ఆకాశమునుండి భూమిని పరిశీలించు జాతీయ సంస్థ అచట 1970ల నడుమ నెలకొన్నది. 2008లో అది ఇస్రోలో అంతర్భాగమై నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ అను పేరు వహించినది. 1988 మార్చి 17న నిత్యవినియోగమునకై ఏర్పడిన మన మొదటి భూపరిశీలక ఉపగ్రహమగు ఐ.ఆర్.ఎస్. 1-ఎ ఆకాశమునకేగెను. 2009 ఆగస్టు 12న ఆ సంస్థవారి భువన్ అను పటశాల ప్రజలకు తెరువబడినది. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులను ఇంటనుండియే చూడగల సౌలభ్య మట్లు కలిగెను.

ఇంతవరకు దాచుటయందలి మేలే చెప్పితిని. కీడును చెప్పవలెను. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా ప్రధానముగా అయిదు ముక్కలయ్యెను. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లినుండి ములుగు వేరుపడెను. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ జిల్లా యయ్యెను. రూరల్ జిల్లా వరంగల్లు జిల్లా యయ్యెను. అయిదేండ్లలో మూడుమార్లు హద్దులో పేర్లో మారినవి. పాకాల చెరువు మాత్రము కదలలేదు, గోదావరి కదలలేదు. పొరలను వేర్వేరుగా దాచినవారికి ఇందు చిక్కు లేదు. హద్దుల పొరను, పేర్ల పొరను మాత్రమే పాతరనుండి తీసి పారవైచి, మరల గీసికొందురు. వేగము మరికొంత హెచ్చునను ఆశతో అన్ని పొరలను ఒక్క బొమ్మగా కలిపి దాచినవారు మాత్రము ఒక్క జిల్లా పేరు మారినందుకు కొండలను వాగులను కూడ మరల గీయవలసివచ్చును. పులుసులో కలిసిన ఉప్పును ఎవరు తీయగలరు? అయినను కలిపి దాచిన బొమ్మయే త్వరగా వచ్చుననుట నిజము. ఏ పొరలను కలుపవలెను, ఏ పొరలను విడిగా నుంచవలెను అనుటయే ఈ విద్యలోని నేర్పు. నా మట్టునకు, హద్దులను ఎన్నడును కలుపరాదనియే చెప్పుదును.

గ్రామ నక్షాను గూర్చి ఒక్కమాట. మన పట్వారీల కాలపు నక్షాలు ఆ ఊరి పొలిమేరలోపల కొలిచినవి; లాంబ్టన్ త్రిభుజముల వలకు కట్టినవి కావు. అందువలన నక్షాను పొరగా చేసి ఆకాశచిత్రముపై పరచినపుడు గట్లు కొన్ని చోట్ల ప్రక్కకు జరిగి కనబడును. ఫోనులో గీత మన బావిమీదుగా పోయినదని పొరుగువానితో తగవు పెట్టుకొన పనిలేదు. త్వరగా వచ్చిన పటమైనను సరిగా అతుకని పటము అతుకనిదే. కొలతకు నక్షాయు, టిప్పనును, హద్దురాళ్ళునే ఆధారములు.

2023 జూలై చివరను జరిగినది ఈ ప్రాంతమువారు మరువరు. జూలై 26 ఉదయమునుండి 27 ఉదయమువరకు ఒక్క దినమున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్ల వాన కురిసెను. తెలంగాణములో అంతకుముందు పెద్దదిగా లెక్కకెక్కినది 2013లో వాజేడులో కురిసిన 51.75 సెంటీమీటర్లు. భూపాలపల్లి చెంత మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెను. జనులు మేడలమీదికిని చెట్లమీదికిని ఎక్కిరి; హెలికాప్టర్లు వచ్చి కొందఱను దింపుకొని పోయెను. అట్టి రాత్రి అధికారి యెదుట తెరమీద రెండు తెఱగుల పొరలు కావలెను. ఊరు ఎచటనున్నది, వాగు ఎటు పాఱును, మెట్ట యేది, బడిమేడ యేది అనునవి నిలకడ పొరలు. ఇవి పాతరనుండి తటాలున రావలెను, గీయుచు కూర్చున్నచో ప్రాణములు పోవును. వాన యెంత కురిసినది, ఏ బాట తెగినది అనునవి చరపొరలు; ఇవి పాతరనుండి రానేరాదు, వచ్చినచో ప్రాణములు పోవును. గంటక్రిందట దాచిన పలకలో తెగిన బాట తెగకయే కనబడును. దానిని నమ్మి ట్రాక్టరు కదలును.

అందుచేత పొరపొరకు ఒక గడువు పెట్టుదురు. కొండల పొరకు సంవత్సరము, బాటలకు కొన్ని దినములు, వానకు కొన్ని నిమిషములు. గడువు తీరిన పలకను పాతర తనంతట పారవైచును. మరియొక పద్ధతి, ఎచట మార్పు జరిగినదో అచటి పలకలపై మాత్రము మైలగుర్తు వేసి, ఎవరైన అడిగినపుడు క్రొత్తగా గీయుట. అయితే నడుమనున్న పాతరలకును మన ఫోనులోని పాతరకును ఆ గుర్తు వెంటనే చేరదు. కేంద్రములో క్రొత్తపటము సిద్ధమైనను మన చేతిలో పాతదే కనబడుట ఇందువలననే.

ఇప్పుడు వాసన మాట. పాతర జొన్నను చేటలో పోయగనే పట్టవచ్చును. పాతర పలకకు వాసన లేదు. నిన్నటిదియు, నిరుటిదియు, ఈ నిమిషపుదియు ఒక్కతీరున నిగనిగలాడుచుండును. సర్వే శాఖవారి కాగితమునకు అంచు కలదు. ఏ సంవత్సరమున కొలిచిరో ఆ అంచులో అచ్చువేసెడివారు. పలకకు అంచులేదు. ప్రక్కపలకతో అతుకు కనబడకుండుటకై అంచును తీసివేసిరి. అంచుతోపాటు సంవత్సరమును పోయినది. తేదీ ఎక్కడను లేదనుకొనరాదు. కేంద్రమునుండి పలక బయలుదేరునపుడు దానివెంట ఒక చీటి వచ్చును. ఎప్పుడు బయలుదేరినది, ఎన్నాళ్ళు దాచుకొనవచ్చును అనునది సాధారణముగా అందు వ్రాసియుండును. ఆ చీటిని ఫోను చదువుకొనును; మనకు చూపదు. కార్యాలయములలో పటమును తెరపై చూపువారిని ఈ పొర ఏనాటిదని అడిగినచో, ఆ తేదీని వారు వెదకి చెప్పగలరు.